కానుగ నీడలో పుట్టగొడుగుల మడి

నా భార్య కామెర్లతో పోయిన మరుసటి ఏడాది నేనే అడిగి బదిలీ చేయించుకున్నాను. ఒంగోలులో మేమున్న వీధిలో కూరగాయల బండి ఆమె కూడా "అమ్మగారు కనపట్టంలేదేంటండీ" అని అడిగేది. మొదటిసారి చెప్పాను. రెండోసారి బండి ఆమె మారింది, కొత్తామెకి మళ్ళీ చెప్పాల్సి వచ్చింది. ఆ తర్వాత పొద్దున్నే తలుపు తియ్యటం మానేశాను. పర్చూరుకి అవతల ఒక పల్లెలో చిన్న టెలిఫోన్ ఎక్స్ఛేంజి ఉందనీ, అక్కడికి వెళ్ళటానికి ఎవరూ ఒప్పుకోవటం లేదనీ ఆఫీసులో అనుకుంటుంటే నేను వెళతానన్నాను. తొంభైల చివరి రోజులవి. అప్పటికి నాకు ముప్ఫై నాలుగేళ్ళు.

ఎక్స్ఛేంజి అంటే ఊరికి ఫర్లాంగు దూరంలో రెండు గదుల డాబా. ఒక గదిలో యంత్రాలు, ఇంకో గదిలో నేను. చుట్టూ ముళ్ళతీగ కంచె. కంచెకి మూడువైపులా పత్తిచేలు, నాలుగోవైపు మిరప. ఎవరి ఫోనన్నా పనిచెయ్యకపోతే సైకిలు మీద వెళ్ళి బాగుచేసి రావటం నా ఉద్యోగం. "డెడ్డయిందండీ" అని వాళ్ళంటే "వచ్చిందండీ" అని నేననేవాణ్ణి. చాలా రోజులు నా నోటినుంచి వచ్చిన మాట అదొక్కటే. కొందరి ఇళ్ళలో మజ్జిగ ఇచ్చేవాళ్ళు. తాగి, గ్లాసు కడిగి అరుగు మీద పెట్టి వచ్చేవాణ్ణి.

ఆవరణ ఊడవటానికి ఊళ్ళోంచి ఒకామె వచ్చేది. యాభై దాటి ఉంటాయి. చీపురు పట్టినంతసేపూ ఎవరినో ఒకర్ని తిడుతూనే ఉండేది. ఎక్కువగా వాళ్ళాయన్ని. నేను జవాబు చెప్పకపోయినా ఆమెకి పట్టింపు ఉండేది కాదు.

కేబుల్ చుట్టి తెచ్చిన పెద్ద చెక్క డ్రమ్ములు నాలుగు ఆవరణలో పడి ఉండేవి. కేబులంతా వాడేశాక వాటిని తీసుకుపోవటానికి ఎవరూ రాలేదు. ఆ ఏడాది శ్రావణంలో ముసురు పట్టింది. వారం రోజుల తర్వాత వాన వెలిసి బయటికొచ్చి చూస్తే, కుళ్ళిన డ్రమ్ము చెక్క మీద తెల్లటి చెవుల్లాంటివి దొంతరలుగా మొలిచి ఉన్నాయి. వాటికి గొడుగు ఆకారం లేదు. ఒకవైపునుంచి విసనకర్రలా సాగాయి. రోజూ వెళ్ళి చూసేవాణ్ణి. నిన్నటికీ ఇవాళ్టికీ తేడా ఉన్న వస్తువు ఆ ఆవరణలో అదొక్కటే.

"కుక్కగొడుగులు బాబూ అయ్యి, ముట్టుకోమాకండి," అంది ఊడ్చే ఆమె.

ముట్టుకోలేదు. కానీ కొన్నాళ్ళకి పేపర్లో రైతుల పేజీలో అచ్చం అలాంటి బొమ్మే చూశాను. చెక్క మీద పెరిగే పుట్టగొడుగులట, తినొచ్చట, పెరట్లో చెట్టు నీడన మడి కట్టి పెంచుకోవచ్చట. ఆదివారం బస్సెక్కి బాపట్ల వెళ్ళాను. అక్కడ ఒక పెద్దాయన వాటి విత్తనం అమ్ముతాడని విన్నాను. జొన్న గింజలు ఉడకబెట్టి, వాటికి తెల్లటి బూజు పట్టించి, ప్లాస్టిక్ సంచిలో కట్టి ఇస్తారు. విత్తనమంటే అదే.

"మడి ఎండిపోకూడదు, నీళ్ళు నిలవకూడదు, ఎండ తగలకూడదు," అన్నాడాయన. "అంతే. ఇక కెలక్కుండా ఊరుకోండి."

ఊరుకోవటం నాకు బాగా చేతనయిన పని.

చెక్కపేళ్ళ కోసం ఊళ్ళో కలప అడితికి వెళ్ళాను. దాని యజమాని ఒక సాయిబుగారు. అరవై ఏళ్ళ మనిషి, గడ్డం నిండా ఎప్పుడూ రంపపు పొట్టే. సుబాబుల్ దుంగలు కోయించి అమ్మేవాడు.

"పేళ్ళు ఏం చేసుకుంటావయ్యా? పొయ్యిలోకా?"

"పుట్టగొడుగులు పెంచుదామనండి. పేళ్ళు తడిపి, కుళ్ళబెట్టి..."

"కలప కుళ్ళిపోద్దేమోనని ముప్ఫై ఏళ్ళబట్టీ నేను చస్తుంటే, నువ్వు కావాలని కుళ్ళబెడతావా!" అని పెద్దగా నవ్వాడు. అయినా రెండు గోతాల నిండా పేళ్ళు పోయించి తన రిక్షాలో పంపించాడు.

డాబా వెనక ఒక కానుగచెట్టు ఉండేది. నడిమధ్యాహ్నం కూడా దాని కింద నల్లటి నీడ. అక్కడ మంచమంత మేర జానెడు లోతు తవ్వాను. పేళ్ళని మరిగే నీళ్ళలో నానేసి, వార్చి, చల్లారాక ఒక వరస పేళ్ళు, పైన చిదిపిన విత్తనం, మళ్ళీ పేళ్ళు, మళ్ళీ విత్తనం పరిచాను. పైన కాస్త వరిగడ్డి, దానిమీద తడిపిన గోనెలు. పొద్దునా సాయంత్రం నీళ్ళు చిలకరించటం తప్ప ఇంకేం చెయ్యలేదు. మూడో వారంలో గోనె అంచు ఎత్తి చూస్తే పేళ్ళ మధ్య తెల్లటి దారాలు అల్లుకుని ఉన్నాయి. వర్షానికి తడిసిన నేల వాసన వచ్చింది. ఇంకో పది రోజులకి గడ్డిలోంచి మొటిమలంత మొగ్గలు, మూడు రోజుల్లో అవి అరచేతులంత అయ్యాయి.

ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ వేసి వేయించాను. ముందు భయమేసింది. తర్వాత రుచి తెలిసింది. చాలా బాగుంది. బాగుందని చెప్పటానికి గదిలో ఎవరూ లేరు. కంచం ముందు కూర్చుని పైకే "బాగుంది" అన్నాను. ఆ గదిలో నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. మిగతా అన్నం తినలేకపోయాను.

మర్నాడు ఒక గుప్పెడు కోసి సాయిబుగారికి ఇచ్చాను. పుచ్చుకున్నాడు. రెండు రోజుల తర్వాత నేను అడితి ముందునుంచి వెళుతుంటే పిలిచాడు.

"అబద్ధమెందుకు, మా ఇంట్లో ఆవిడ పారేసింది. ఈసారి వండి తీసుకురా. నా కళ్ళెదుట ముందు నువ్వు తిను. అరగంట చూసి నేను తింటా."

అలాగే చేశాం. కోసిన పలకల మీద ఎదురెదురుగా కూర్చున్నాం. నేను తిన్నాను. ఆయన గోడగడియారం చూస్తూ కూర్చున్నాడు. అరగంట కాకముందే చెయ్యి చాచాడు. "చచ్చేవాడివైతే ఈపాటికే చచ్చుండేవాడివి," అన్నాడు. భార్య పోయాక ఇంకొక మనిషితో కలిసి అన్నం తినటం అదే మొదటిసారని ఆయనకి చెప్పలేదు.

ఊడ్చే ఆమె ఇదంతా విని, ఆ తర్వాత వారం తనూ కొన్ని కోసుకుపోయింది. "మాంసంలాగుందంట మా ఆయనకి. రోజూ తెమ్మంటన్నాడు," అంది. నాకు చెప్పలేనంత సంతోషమయింది. అప్పుడే అన్నాను ఆ మాట. "నన్ను అడగక్కర్లేదమ్మా. ఆ మడిలో మొలిచిందేదైనా తినొచ్చు. నీ ఇష్టం, కోసుకో."

రెండు వానాకాలాలు అలా గడిచాయి. ఏటా ఎండలకి మడి మాడిపోయేది, తొలకరికి నేను మళ్ళీ వేసేవాణ్ణి. మూడో ఏడు వానలు జోరుగా ఉన్నప్పుడు శిక్షణ కోసం నాలుగు రోజులు గుంటూరు రమ్మన్నారు. వెళ్ళాను. తిరిగొచ్చి బస్సు దిగేసరికి సాయిబుగారు రోడ్డు మీద నిలబడి ఉన్నాడు.

"నీ కోసమే చూస్తున్నా. మీ ఊడ్చే ఆమే, ఆమె మొగుడూ ఆసుపత్రిలో ఉన్నారు. నిన్న మధ్యాహ్నం నీ పుట్టగొడుగుల కూర తిన్నారంట. గంటన్నరకే వాంతులు, విరేచనాలు."

ముందు మడి దగ్గరికి పరిగెత్తాను. నేను పెంచినవి ఆ కాపుకి అయిపోయాయి, ఎండిన ముక్కలే మిగిలాయి. మడి అంచున, గడ్డి మట్టిలో కలిసినచోట, తెంపిన కాడలు పది పన్నెండు కనిపించాయి. ఒకటి మాత్రం కొయ్యకుండా ఉంది. తెల్లటి పెద్ద గొడుగు, నడిమధ్య నిటారుగా కాడ. పెరికి తిప్పి చూస్తే గొడుగు లోపలి రేకులు లేత పచ్చగా ఉన్నాయి. అది నేను వేసింది కాదు. గాలికి వచ్చి, నేను పోసిన నీళ్ళతో పెరిగింది. చిన్నప్పట్నుంచీ పుట్టల దగ్గర గొడుగు ఆకారంలోవే ఏరుకుని తిన్న మనిషికి, నా విసనకర్రలకంటే అవే అసలైన పుట్టగొడుగుల్లా కనిపించి ఉంటాయి.

సాయిబుగారు తన మోపెడ్ మీద ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. పత్తికి పురుగు పట్టిన ఏడాది అది. వార్డులో సగం మంచాల మీద పురుగుమందు తాగినవాళ్ళే. వీళ్ళిద్దర్నీ తీసుకొచ్చినప్పుడు కూడా నర్సు మొదట "ఏ మందు తాగారు?" అనే అడిగిందట. ఎంత చెప్పినా నమ్మలేదట. ఊడ్చే ఆమె మొహం పీక్కుపోయి ఉంది. చేతికి సెలైను. నన్ను చూసి మొహం తిప్పుకోలేదు.

"నేనెందుకు తాగుతా బాబూ మందు? నాకేం ఖర్మ? కూర తిన్నానంటే ఇనరే," అంది. సెలైను చెయ్యి సర్దుకుని, "మీరే అన్నారుగా, ఆ మడిలో మొలిచిందేదన్నా తినొచ్చని," అంది.

"అన్నానమ్మా. కానీ ఇవి నేను వేసినవి కావు. వాటంతటవే మొలిచాయి."

"మడి మీదేగా?"

పక్కమంచం మీద ఆమె మొగుడు కళ్ళు తెరిచి నావైపు చూసి, మళ్ళీ మూసుకున్నాడు.

రెండు రోజులు అక్కడే ఉన్నాను. కొబ్బరినీళ్ళు తెచ్చాను, బక్కెట్లు కడిగాను, ఆమె మొగుణ్ణి భుజమ్మీద చెయ్యి వేయించుకుని బయటికి తీసుకెళ్ళాను. నా భార్య చివరి రోజుల్లో ఇవే పనులు చేశాను కాబట్టి చేతులకి అలవాటే. చెప్పటానికి సిగ్గుగా ఉంది కానీ, ఒకరికి నాతో పని ఉన్న ఆ రెండు రోజులూ నాకు ఊరటగానే అనిపించింది. మూడోరోజు ఇద్దర్నీ ఇంటికి పంపించారు.

ఊళ్ళో మాత్రం నన్ను వదల్లేదు. ఫోను బాగుచెయ్యటానికి వెళితే గుమ్మంలోంచే వైరు చూపించేవాళ్ళు. మజ్జిగ మాట పోయింది, మంచినీళ్ళు కూడా అడిగితేనే. ఒకింటాయన మొహమ్మీదే, "ఏమయ్యా, పెళ్ళాం లేనోడివి, వంటలతో నీకు ప్రయోగాలెందుకు?" అన్నాడు. ఊడ్చే ఆమె పనికి రావటం మానేసింది. ఆవరణ నేనే ఊడ్చుకునేవాణ్ణి. ఇన్నాళ్ళూ ఆమె తిట్లు ఆ పూటకి నాకు ఎంత తోడుగా ఉండేవో అప్పుడు తెలిసింది. మడిని గడ్డపారతో తవ్వి ఎండలో ఆరబోశాను. రెండు నెలలు అలాగే గడిచాయి. అడితికి కూడా వెళ్ళలేదు.

చివరికి సాయిబుగారే వచ్చాడు. గుమ్మంలో నిలబడి, "తప్పు పుట్టగొడుగులది కాదు, నీ నోటిది," అన్నాడు. "ఆసుపత్రిలో ఊడిగం చేశావు సరే, తప్పయిందని ఆమెతో అన్నావా?"

అనలేదు. ఎంత ఆలోచించినా అన్నట్టు గుర్తు రాలేదు.

మర్నాడే వాళ్ళింటికి వెళ్ళాను. ముంగిట్లో నలుగురు ఆడవాళ్ళతో కలిసి మిరపకాయల తొడిమలు తీస్తోంది. ఘాటుకి నాకు దగ్గు తెర వచ్చింది. అది తగ్గేదాకా అందరూ నన్నే చూస్తున్నారు. వాళ్ళందరిముందే చెప్పాను.

"తప్పు నాదేనమ్మా. ఏదిబడితే అది తినొచ్చని నేను అనాల్సింది కాదు. నాకే సరిగ్గా తెలియదు."

ఆమె చేతిలోని కాయ తొడిమ తీసి కుప్పలో పడేసింది.

"సర్లెండి. ఇంతకీ అక్కడ ఎవురూడుస్తన్నారు?"

"నేనే."

"ఎట్టుంటదో నాకు తెలుసు," అని పక్కామెవైపు చూసి నవ్వింది.

సోమవారం చీపురు పట్టుకుని వచ్చింది. ఊరి పెద్దమనిషి ఒకర్ని తిట్టుకుంటూ వచ్చింది. కానీ ఆ తర్వాత పుట్టగొడుగు ముట్టలేదు. మరుసటి వానాకాలం నేను మళ్ళీ మడి వేశాను. రోజూ పొద్దున్నే వంగి, నావి కానివి ఏవి కనపడినా వేళ్ళతో సహా పెరికేసి దూరంగా పాతిపెట్టేవాణ్ణి. కాపు వచ్చినప్పుడు సాయిబుగారు, నేను అడితిలో తినేవాళ్ళం. ఆయనకి పక్షవాతం వచ్చి కూతురు తన ఊరికి తీసుకెళ్ళాక నేనొక్కణ్ణే. ఆమె గుమ్మం దగ్గర చీపురుతో నిలబడి, నేను రెండో ముద్ద మింగేదాకా చూసి, "బానే ఉందా?" అని అడిగి వెళ్ళిపోయేది.

తర్వాత ఊరి పక్కన సెల్ టవరు లేచింది. జనం ఒక్కొక్కరే ఫోన్లు తెచ్చి నా బల్ల మీద పెట్టి, కనెక్షన్ వద్దని సంతకం చేసి వెళ్ళిపోయారు. కొందరు తీగ కూడా చక్కగా చుట్టి తెచ్చారు. ఫోన్లు బాగా తగ్గిపోయాక నన్ను మళ్ళీ ఒంగోలు వేశారు. వెళ్ళేరోజు ఆమె డాబా వెనక్కి వెళ్ళి మడిలో కాలితో తట్టి చూసింది. ఇన్నేళ్ళ చెక్క కుళ్ళి కాఫీపొడిలా నల్లగా పొడిపొడిగా అయింది.

"దీన్నేం చేస్తారు?"

"తీసుకెళ్ళలేనుగా."

"అయితే గోంగూరేస్తా," అంది.

ఒంగోలులో మూడో అంతస్తులో గది తీసుకున్నాను. పాత వీధికి దూరంగా. ఆ ఏడాది చివర ఆ ఊరినుంచి పనిమీద వచ్చిన ఒకాయన, గోంగూర విరగకాసిందనీ, ఒకసారి వచ్చి కోసుకుపొమ్మందనీ ఆమె మాటగా చెప్పాడు. వస్తానని చెప్పమన్నాను. ప్రతి ఆదివారం అనుకునేవాణ్ణి. బస్టాండుదాకా ఒకసారి వెళ్ళాను కూడా. పర్చూరు బస్సు నిండుగా ఉంటే, తర్వాతదానికి వెళదామని కాసేపు బల్ల మీద కూర్చుని, లేచి గదికి వచ్చేశాను.