జాజ్‌లో గట్టిమేళం

సన్నాయితో జాజ్ వాయించి, రాజోలులో సభనంతా ఒక్కసారిగా లేపిన మొనగాణ్ణి నేను!

సభంటే, పెళ్లి రిసెప్షనే లెండి. పొద్దున్న ముహూర్తానికి మేళం మాదే. సాయంత్రం పెళ్లికొడుకు స్నేహితుల జాజ్ బృందంలో శాక్సఫోన్ అతను రాలేదు. "మీరు వాయించండి తాతగారూ. బాగా కుదిరితే హైదరాబాదు కచేరీకి తీసుకెళ్తాం" అన్నాడు బృందం నాయకుడు. ఆశ పుట్టి వేదికెక్కాను.

వాళ్ల పాట ఎటు పోతోందో బోధపడలేదు. శ్రుతి పట్టుకుని వెనకాలే తడుముకుంటూ నడిచాను. ఇంతలో నాయకుడు నాకేసి చూసి చూపుడువేలు పైకెత్తి ఆడించాడు. పెళ్లిపీటల దగ్గర పంతులుగారు అలా ఆడిస్తే తాళి కడుతున్నారనే కదా! గట్టిమేళం ఎత్తేశాను. వేదిక కింద కూర్చున్న మా డోలు సూరిబాబు కూడా అందుకున్నాడు. జాజ్ కుర్రాళ్లు వాయించడం ఆపి బిక్కమొహాలు వేశారు. జనం మాత్రం లేచారు!

"ఇంకొక్కసారి వాయించి ఆపెయ్యండి" అని ఆ వేలికి అర్థమట. హైదరాబాదు నుంచి పిలుపు రాలేదు. ఏ వేలు ఏం చెబుతుందో నాకిప్పటికీ అయోమయమే.

"ఏదేమైనా సభ లేచిందా, లేదా?" అన్నాను సూరిబాబుతో.

"ఆయ్, లేచేరండి. గట్టిమేళం అయిపోయిందని భోజనాలకి లేచేరు గురువుగారూ."