తువ్వాల కింద ఫోను

మొన్న ఆదివారం సాయంత్రం సిద్దిపేట కోమటిచెరువు దగ్గర బోటు కోసం వరుసలో నిలబడి ఉంటే వెనక నుంచి ఒక గొంతు వినిపించింది. మనిషి గొంతు కాదు, ఫోనుది. తెర మీద ఏముందో పైకి చదివి చెప్పే గొంతు. అదీ మామూలు వేగంతో కాదు, మంగలంలో పేలాలు చిటపటలాడినట్టు. పక్కవాళ్లకు ఒక్క ముక్క అర్థం కాలేదు కానీ నాకు ప్రతి మాటా తెలిసింది. ఆ వేగాన్ని నా చెవికి అలవాటు చేసినవారు భూమయ్య సారు. ఆయన పోయి రెండేళ్లయింది. ఆ ఫోను ఎవరి చేతిలో ఉందో చివర్లో చెబుతాను. సారు ఎవరో తెలియకపోతే ఆ సంగతిలో రుచి ఉండదు.

చదువు పూర్తవగానే సిద్దిపేటలోనే ఒక చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసులో నాకు ఉద్యోగం దొరికింది. చిన్నకోడూరు నుంచి రోజూ బస్సులో వచ్చేదాన్ని. నల్లా నీళ్లు ఎప్పుడొస్తాయి, ఏ ఫంక్షన్ హాలు ఖాళీగా ఉంది, చెరువులో బోటు టికెట్ దొరుకుతుందా, ఇలాంటివన్నీ ఒకేచోట చూపించే యాప్ తయారుచేస్తున్నాం. చూపు లేనివాళ్లు కూడా వాడగలరో లేదో పరీక్షించడానికి మా మేడం ఒకరిని పిలిచారు. ఆయనే భూమయ్య సారు. పుట్టుకతోనే చూపు లేదు, బడిలో సోషల్ చెప్పి రిటైరయ్యారు. భుజం మీద దుబ్బాక నేత తువ్వాల, చేతిలో కర్ర, నోటి నిండా వెటకారం. మొదటిరోజు మెట్ల దగ్గర నేను పరుగెత్తుకెళ్లి ఆయన రెక్క పట్టి లాగాను. ఆయన మెల్లగా విడిపించుకుని, ఒకసారి బస్టాండు ముందు దోస్తు కోసం నిలబడితే ఏమైందో చెప్పారు. ఒక పుణ్యాత్ముడు అడక్కుండానే రోడ్డు దాటించాడట, అవతల ఇంకొకాయన ఇవతలికి చేర్చాడట, ఇక్కడ మరొకరు కాచుకుని ఉన్నారట.

"మంచోళ్లతోని గిదే తిప్పల బిడ్డా. ఆ దినం మూడుసార్లు రోడ్డు దాటిన. ఒక్కసారి సుత దాటుదామని నేననుకోలే."

నవ్వాను కానీ బుద్ధి తెచ్చుకోలేదు. చూపు లేనివాళ్ల కోసం ప్రత్యేకంగా ఇంకో చిన్న యాప్ చేస్తానని మేడంతో చెప్పి, నెలరోజులు ఒళ్లు వంచి పనిచేశాను. నాలుగే బటన్లు: నీళ్లు, కరెంటు, దవాఖాన, పింఛను. ఎంత తేలికో చూడండి అని మురిసిపోతూ సారు చేతిలో పెట్టాను. ఆయన వేలితో తెరంతా తడిమి, అందరికీ ఇచ్చే దాంట్లో ఎన్ని ఉన్నాయని అడిగారు. పద్నాలుగు అన్నాను.

"మరి నాకు బోటు లేదేంది?"

బోటెక్కేది చెరువు చూడటానికే కదా సార్ అన్నాను. ఆ మాట నోట్లోంచి ఊడిపడగానే సిగ్గుతో చచ్చిపోయాను. ఆయన మాత్రం కుర్చీ కదిలేలా నవ్వారు. చెరువు గాలి మాకు తాకదా, నీళ్లు చేతికి అందవా అని అడిగి, చివరికి నెమ్మదిగా అన్నారు: "నాకేం గావాల్నో అంత నువ్వే సోంచాయించినవ్. నన్నొక్కమాట అడగలే."

బోటు ఎందుకో అప్పుడు చెప్పారు. నలభై ఏళ్ల కాపురంలో బజారుకైనా జాతరకైనా ఆయన్ని తీసుకెళ్లింది భార్య సత్తెమ్మే. వచ్చే నెల వాళ్ల పెళ్లిరోజు. ఆ ఒక్కరోజు ఆయనే ఆమెను తీసుకెళ్లాలి, బోటెక్కించాలి. అదెంత పని సార్, రెండు నిమిషాల్లో టికెట్ నేను తీసిస్తాను అన్నాను.

"నువ్వు తీస్తే సత్తెమ్మను బోటెక్కిచ్చింది నువ్వయితవ్. నేను గాదు."

ఆ తర్వాత భుజం మీది తువ్వాల తీసి బల్ల మీదున్న నా ఫోను మీద కప్పారు. కింద చెయ్యి పెట్టి, తెర చదివే గొంతు వింటూ టికెట్ తీయమన్నారు, అందరూ వాడే యాప్‌లోనే. నేను కట్టిన ఇల్లే కదా, నాకేం భయమనుకున్నాను. ఫోను "బటన్, బటన్, బటన్" అంటుందే తప్ప ఏ బటనో చెప్పదు, ఎందుకంటే నేను వాటికి పేర్లు పెట్టలేదు. సీట్ల పేజీ నిమిషానికే మూసుకుపోతుంది. ఇరవై నిమిషాలు చెమటోడ్చాక పని అయిందని తువ్వాల తీసి చూస్తే, బోటుకు బదులు ఫంక్షన్ హాలు బుక్ చేసి ఉన్నాను. పెండ్లి ఎవలిది బిడ్డా అని సారు అడిగారు. ఆఫీసంతా విరగబడి నవ్వింది.

వచ్చే సోమవారమే యాప్ విడుదల కావాలి. చిన్న యాప్ వద్దు, పెద్దదాన్నే అందరికీ పనికొచ్చేలా సరిచేయాలి, ఇంకొంత గడువు కావాలి అని మేడంతో చెప్పాను. ఆవిడ మండిపడ్డారు. నేను సారు తువ్వాల ఆవిడ ఫోను మీద కప్పి, టికెట్ తీయమన్నాను. పది నిమిషాలు తంటాలు పడి, మూడు వారాలు ఇచ్చారు. ఆ మూడు వారాలూ సారు నా పక్కన కూర్చుని తప్పులు పడుతూనే ఉన్నారు. చదువుకున్న రోజుల్లో కూడా నేనంత సంతోషంగా లేను.

పెళ్లిరోజు పొద్దున ఫోను చెవి దగ్గర పెట్టుకుని సారు తానే రెండు టికెట్లు తీశారు. మేమంతా చుట్టూ నిలబడ్డాం, ఎవరమూ చెయ్యి పెట్టలేదు. సాయంత్రం కర్రతో దారి తడుముకుంటూ ఆయన ముందు, ఆయన రెక్క పట్టుకుని సత్తెమ్మ వెనక. బోటు కదలగానే ఆమె భయపడితే, నేనున్న గద అని సారు ధైర్యం చెప్పారు. తిరిగొచ్చేదాకా ఆయన చెయ్యి నీళ్లలోనే ఉంది.

ఆ తువ్వాల ఇప్పుడు ఆఫీసులో నా సొరుగులో ఉంది. అది కప్పి పరీక్షించనిదే మేము ఏదీ బయటికి పంపం.

మొన్న వరుసలో వెనక్కి తిరిగి చూస్తే సత్తెమ్మ. చేతిలో సారు ఫోను. ఆమెకు చదువు రాదు. టికెట్ ఎవరు తీసిచ్చారమ్మా అని అడిగాను.

"ఎవలు తీసిస్తరు? నేనే. అది సదువుతది, నేను నొక్కుత. సారు నేర్పిపోయిండు."

సారు కోసమని సరిచేసింది ఆమెకూ దారి అయింది. గొంతు వేగం తగ్గిద్దామని ఫోను అందుకోబోయి, ఆగి, తగ్గించమంటారా అని అడిగాను.

"వద్దు బిడ్డా. ఆయన వినేది గట్లనే. ఇంట్ల గా సప్పుడు ఉండాలె."

బోటు వచ్చింది. ఆమె ఎక్కుతుంటే, అడగకుండా పట్టుకోకూడదని నేను చేతులు కట్టుకుని పక్కకు జరిగాను. ఆమె ఒక కాలు లోపల పెట్టి నా వైపు చూసింది.

"చెయ్యియ్యి బిడ్డా," అంది. ఇచ్చాను.