పిన్ని పేరుకెదురుగా నేను రాసిన అంకె

ఆరేళ్ళుగా తడిసిన గోనెబస్తా మోస్తున్నట్టుంది. దించుకునే చోటు దొరకలేదు. అమ్మకి చెప్పలేదు. పెళ్ళయ్యాక మా ఆయనకీ చెప్పలేదు. మీరెవరో నాకు తెలీదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నానేమో.

నేను చదివిన యూనివర్సిటీలో ఎవరి డిగ్రీని వాళ్ళే తయారుచేసుకోవచ్చు. రెండు మూడు శాఖల పాఠాలు కలిపి, దానికో పేరు పెట్టి, ఇదంతా ఒకే చదువు ఎలా అవుతుందో కమిటీని ఒప్పించాలి. ఉద్దానం పిల్లని నేను. కిడ్నీ జబ్బుతో ఎవరో ఒకరు పోని ఇల్లు మా వీధిలో తక్కువ. నీటి రసాయనం, ప్రజారోగ్యం, జనం చెప్పుకునే కథలు, ఈ మూడూ కలిపి నా మేజర్, అంటే ప్రధాన చదువు, గీసుకున్నాను. ఇష్టంతోనే గీసుకున్నాను. అది మాత్రం అబద్ధం కాదు.

ముందు చిన్న నమూనా పని చేసి చూపించమంది కమిటీ. మా పిన్ని దమయంతి ఊరు అక్కుపల్లి దాటాక. చిన్నాన్న పోయాక ఆవిడొక్కర్తే జీడితోట చూసుకుంటూ ఉండేది. తోటలో ఒక నుయ్యి. దాని నీళ్ళు తాగినవాళ్ళకి ఆ జబ్బు రాదని ఊళ్ళో ఒక మాట. నాకు కావలసింది అదే. జనం మాట, నీటి పరీక్ష, రక్త పరీక్ష మూడూ ఒకటే చెబితే నా మేజర్ నిలబడుతుంది. ఆ నీళ్ళు తాగే ఆరుగురిని పలాస తీసుకెళ్ళి పరీక్షకి రక్తం ఇప్పించాను.

ఐదు కాగితాలు బాగున్నాయి. ఆరోది పిన్నిది. కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ ఎక్కువ. వెంటనే డాక్టరుకి చూపించాల్సినంత ఎక్కువ.

ఆ కాగితం పట్టుకుని బస్టాండులో కూర్చుండిపోయాను. భయపడ్డానా? పడ్డాను. ఎవరి కోసం? ప్రతిసారీ ఇక్కడే ఆగిపోతాను, ఎందుకంటే అప్పుడు నాకు ముందు గుర్తొచ్చింది పిన్ని మొహం కాదు, నాలుగు రోజుల్లో కమిటీ ముందు పెట్టాల్సిన పట్టిక. పిన్ని పేరుకెదురుగా వేరే అంకె రాశాను. మామూలు అంకె. ఆమోదం రాగానే పిన్నికి చెప్పేద్దామనుకున్నాను.

ఆమోదం వచ్చింది. ఆ సాయంత్రమే పిన్ని ఫోను చేసింది.

"ఆ రత్తం కాయితం ఏటన్నాది అమ్మీ?"

"బాగానే ఉంది పిన్నీ."

"మరేటనుకున్నావు! మన నూతి నీల్లు."

నవ్వింది. ఆ నవ్వు మధ్యలో చెప్పలేకపోయాను. తర్వాత చెబుదామంటే కాగితం మీద తేదీ ఉంది. వారం ఆలస్యానికి ఏం జవాబు చెప్పను? నెల ఆలస్యానికి? పిన్ని మాత్రం ఊరంతా చెప్పుకుంది. పక్క వీధుల ఆడవాళ్ళు కూడా బిందెలు పట్టుకుని ఆ నూతికి రావడం మొదలుపెట్టారు.

వేసవిలో వెళ్ళాను. మిట్టమధ్యాహ్నం. తోటలో ఆకు కదలడం లేదు. అయినా సముద్రం చెవి పక్కనే ఉన్నట్టు హోరు. పిన్ని నూతి వైపు తిరిగి అరుగు మీద కూర్చుని ఉంది. పిలిస్తే తిరగలేదు.

"ఆగు. నీల్లు తోడతన్నారు," అంది.

గిలక కిర్రుమంటోంది. నాకూ వినబడింది. వెళ్ళి చూశాను. ఎవరూ లేరు. గిలక కదలడం లేదు. చేంతాడు మాత్రం నీళ్ళోడుతోంది. ఎండ నిలువునా లోపలికి పడుతున్నా నీళ్ళలో నా మొహం కనబడలేదు.

"ఎవరు పిన్నీ?"

"ఏమో. రోజూ ఈ పొద్దుకే వొత్తారు. నన్ను పేరెట్టి పిలుత్తారు. నీకేటన్నా సెప్పారేటి?"

లేదన్నాను.

అప్పుడు చూశాను ఆవిడ కాళ్ళు. ఉబ్బి మెరుస్తున్నాయి. వేలితో నొక్కితే గుంట పడింది. వేలు తీసేశాక కూడా ఆ గుంట అలాగే ఉంది. పూడుతుందేమోనని చూస్తూ కూర్చున్నాను.

మర్నాడు ఆసుపత్రికి తీసుకెళ్ళాం. ఇంతకుముందు పరీక్షలేమైనా చేయించారా అని డాక్టరు అడిగాడు. నేను నోరు తెరిచాను. నాకన్నా ముందు పిన్ని మాట్లాడింది.

"మా పాప సేయించింది బాబూ. బాగుందన్నాది."

అని నా వైపు తిరిగింది. ఆ చూపులో కోపం లేదు, అనుమానం లేదు. నా వెనక నిలబడ్డ ఎవరినో చూస్తున్నట్టుంది. వెనక్కి తిరిగాను. గోడ.

నేను తెరిచిన నోరు మూసుకున్నాను. అది రెండోసారి.

డయాలసిస్ మీద ఏడు నెలలు ఉంది పిన్ని. పోయింది. ముందే చెప్పి ఉంటే మందులతో కొన్నేళ్ళు ఉండేదేమో. ఉండేది కాదేమో. ఈ 'ఏమో' వెనక దాక్కునే ఇన్నేళ్ళు గడిపాను. జబ్బు నూతి నీళ్ళవల్ల వచ్చిందని ఎవరూ తేల్చలేదు. కాదనీ తేల్చలేదు. ఆ నీళ్ళు మంచివని తేలినట్టు రాసింది మాత్రం నేను.

పట్టా వచ్చింది. నా చదువుకి నేను పెట్టుకున్న పేరే దాని మీద అచ్చయింది.

పోయిన నెల ఆ ఊరు వెళ్ళాను. ఆడవాళ్ళు ఇంకా ఆ నీళ్ళే తీసుకెళ్తున్నారు. ఒకావిడ నన్ను గుర్తుపట్టి, బిందె దించి, దోసిట్లో నీళ్ళు పోసింది. తాగాను. తియ్యగానే ఉన్నాయి. ఆవిడకీ చెప్పలేకపోయాను.

క్షమించమని అడగను. అడగాల్సిన మనిషి లేదు. ఒక కాగితం రాసి, ముందు ఆ నీళ్ళు తాగేవాళ్ళకే పంపుతాను, తర్వాతే కమిటీకి. అందులో ఉండాల్సింది ఇంతే. ఆరుగురిలో ఒకరి రక్తం బాగాలేదు. ఆ ఒకరు మా పిన్ని దమయంతి. ఆ సంగతి నాకు మొదటి రోజే తెలుసు.