లచ్చమ్మ బింజ్ వాచింగ్ కేసు

2023 వానాకాలం. వరంగల్ కాశిబుగ్గలో నా టీవీ రిపేరు షాపుకు అప్పటికే ఇరవై రెండేళ్లు. నేను సందు మలుపు తిరిగానని తెలిస్తే చాలు, సగం టీవీలు భయంతో బాగైపోయేవి.

ఆ మధ్యాహ్నం మా వీధి చివరింటి లచ్చమ్మ ఫోన్ చేసింది. "కొడుకా, టీవీ నడిమిట్ల ఆగిపోతాంది. ఎవలు జేస్తాండ్రో నాకెర్కే. జరొచ్చి సూడు."

వెళ్లేసరికి హాలు కురుక్షేత్రంలా ఉంది. సోఫాలో లచ్చమ్మ, చేతిలో గదలా రిమోట్. గుమ్మంలో కోడలు స్వప్న, పక్కన సర్దిన బ్యాగు.

"గీమె వంటింట్ల ఫోన్ వట్టంగనే నా టీవీ ఆగుతది. మీదికెల్లి ఇంగ్లీషుల మెసేజ్ వెడ్తది!"

"నేను టీవీ దిక్కే పోతలేనన్నా. గిదేం బద్నాం? ఇయ్యాల తేలకపోతే నర్సంపేట బస్సెక్కి మా అమ్మగారింటికి పోత" అంది స్వప్న.

నాకంటే ముందు ఇద్దరు మెకానిక్‌లు వచ్చి, పది నిమిషాలు చూసి, మదర్‌బోర్డు, అంటే టీవీకి మెదడు లాంటిది, మార్చాలన్నారట. నేను స్క్రూడ్రైవర్ తీయలేదు. స్వప్న ఫోన్ అడిగి తీసుకుని నా చొక్కా జేబులో వేసుకున్నాను. "పెద్దమ్మా, రోజు ఎట్ల సూస్తవో గట్లనే సూడు" అని పక్కనే కూర్చున్నాను.

అది తెలుగులోకి డబ్ చేసిన ఓటీటీ సిరీస్. ఒక ఎపిసోడ్ అయింది. ఆటోప్లే, అంటే ఒకటి అయిపోగానే మరోటి దానంతటదే మొదలవడం, రెండోది తెచ్చింది. తర్వాత మూడోది. ఈలోగా నేను తాగిన టీతో వడ్డేపల్లి చెరువు నిండి మత్తడి దూకేది. నాలుగోది మొదలవ్వాల్సిన చోట బొమ్మ ఆగింది. తెర మీద ఇంగ్లీషు అక్షరాలు.

"సూసినవా! వెట్టింది మెసేజ్!" అంటూ లచ్చమ్మ అలవాటు ప్రకారం టీవీ కట్టేయబోయింది.

చెయ్యి అడ్డం పెట్టి, జేబులోంచి ఫోన్ తీసి చూపించాను. "ఫోన్ నా కాడుంది గదా పెద్దమ్మా. గిది టీవీ అడుగుతాంది. ఇంకా సూస్తాన్రా, పండుకున్రా అని." ఓకే నొక్కించాను. బొమ్మ కదిలింది.

ఇలా కూర్చున్నచోటు నుంచి లేవకుండా ఎపిసోడ్ మీద ఎపిసోడ్ లాగించడాన్ని ఇప్పటి పిల్లలు బింజ్ వాచింగ్ అంటారు. "సిరీస్ మొత్తం బింజ్ చేశా" అని గొప్పగా చెప్పుకుంటారు. రోజుకొకటి చూసేవాళ్లకు ఆ బిరుదు రాదు. చాలాసేపు ఎవరూ రిమోట్ ముట్టకపోతే యాప్‌కు అనుమానం వచ్చి అలా అడుగుతుంది. ఇంజనీరింగ్ కాలేజీ హాస్టళ్లన్నీ కలిసొచ్చినా లచ్చమ్మ ముందు నిలవలేవని అక్కడికక్కడే తీర్పిచ్చాను.

లచ్చమ్మ కోడలికి చోటిస్తూ సోఫాలో కాస్త జరిగింది. "ఇగ రా, కూసో. నువ్వు సూడలె గదా, మొదటికెల్లి వెడ్త."

స్వప్న కదల్లేదు. "ముందుగల్ల తప్పైందను అత్తమ్మా. గీ అన్న ముంగటనే అను."

ముసలామె నా వంక చూసింది, తెర వంక చూసింది. "తప్పైంది తీ బిడ్డా" అంది.

స్వప్న వచ్చి కూర్చుంది. ఆ రోజు నుంచి నన్ను ఎవరు పిలిచినా, వాళ్లు చూసినంతసేపూ పక్కన కూర్చుని చూశాకే టీవీ విప్పుతున్నాను. బోర్డులు వేలకొద్దీ మార్చిన చేతులివి. ఒక్క మర కూడా తిప్పని ఆ పూటంత గర్వంగా ఎప్పుడూ ఇంటికి వెళ్లలేదు.