స్వరూపక్కను ఎవరూ తిట్టకుండా చూశాను

ఆరేళ్లుగా ఒక మంచిపేరు మోస్తున్నాను. అది ఎంత బరువో చెబితే మీరు నవ్వుతారేమో. మర్యాద తెలిసిన పిల్లనని పేరు. అది అబద్ధం. నా అసలు పేరు చెప్పకుండానే ఒప్పుకుంటున్నాను, ఆ పాటి పిరికితనం ఇంకా మిగిలే ఉంది.

అప్పుడు ఇబ్రహీంపట్నంలో డిగ్రీ చదువుతూ ఫోన్‌లో తుపాకుల ఆట ఆడేదాన్ని. జట్టులో ముగ్గురు అబ్బాయిలు, నేను. ఎవరు తప్పు చేసినా మైకులోనే తిట్లు. "కండ్లు కనవడ్తలేవా? గోడెన్క దాగు!" అని మా కెప్టెన్, యాచారం శీనన్న, నన్ను తిట్టని రోజు లేదు. ఏడ్చేదాన్ని. మర్నాడు గోడ వెనక దాక్కునేదాన్ని. అలా తిట్లు తినీ తినీ ఆట నేర్చుకున్నాను. జట్టులో ఏకైక ఆడపిల్లనని కాస్త తలబిరుసు కూడా ఉండేది.

అప్పుడు స్వరూపక్క వచ్చింది. బస్టాండ్ దగ్గర జిరాక్స్ షాపు ఆమెది, ఇద్దరు పిల్లల తల్లి. గిరాకీ లేని మధ్యాహ్నాలు మాతో ఆడేది. ఆ చేతివేగం చూసి నా గుండె గుభేలుమంది. ఒక్కటే తప్పు. ఒకడిని కొట్టగానే ఉన్నచోటే నిలబడి తుపాకీలో గుండ్లు నింపుకునేది, ఈలోగా ఇంకొకడు వచ్చి ఆమెను కాల్చేసేవాడు. ముందు దాక్కో, తర్వాత నింపుకో అని ఎవరైనా గట్టిగా కసిరితే పోయే తప్పు.

శీనన్న కసరబోయాడు. నేనే విడిగా ఫోన్ చేసి ఆపాను. "పెద్దామె, నీ తిట్లకు తట్టుకోదన్నా. మీరెవ్వరేమనకుండ్రి, నేను మెల్లగ చెప్త." అబ్బాయిలు సిగ్గుపడి ఊరుకున్నారు. నేను చెప్పలేదు. ఎందుకు చెప్పలేదు? సమయం రాకా? ఆమె నొచ్చుకుంటుందనా? కాదు. నగరంలో పోటీకి వెళ్లేది నలుగురే, మేము ఐదుగురం, ఆమె ఆ ఒక్క తప్పు దిద్దుకుంటే ఊడేది నా చోటేనని నాకు మొదటి రోజే తెలిసిపోయింది.

ఆమె ఒకసారి అడిగింది కూడా, తన తప్పేమిటో చెప్పమని. నీ తప్పేం లేదక్కా, మస్తు ఆడుతున్నవ్, సిగ్నలే మంచిగ లేదు అన్నాను. పాపం, సిమ్ మార్చుకుంది. షాపు బయటికొచ్చి ఎండలో నిలబడి ఆడింది. దూరం నుంచి చూశాను. జాలి కలగలేదు. నవ్వొచ్చింది.

ఎంపిక రోజు శీనన్న ఇంట్లో అందరం కూర్చుని మూడు ఆటలు ఆడాం. మూడుసార్లూ అక్క అలాగే నిలబడి చచ్చింది. శీనన్న ఆమెను పక్కనపెట్టి నా పేరు చెప్పాడు. తిరిగి వెళ్లేటప్పుడు ఆటో కోసం నిలబడి ఉంటే ఆమె నా చెయ్యి పట్టుకుంది. కళ్లనిండా నీళ్లు. పోటీకి పోతున్నానని ఇంట్లో అందరికీ చెప్పుకుందట. పెళ్లయ్యాక తనకంటూ పెట్టుకున్న ఆశ అదొక్కటేనట.

"గీ మొగోళ్లు నన్ను మనిషి లెక్క చూడలే చెల్లె. ఒక్కడన్న గిది తప్పని చెప్పిండా? నువ్వొక్కదానివే మంచిగ మాట్లాడినవ్."

అప్పుడైనా చెప్పొచ్చు కదా? నోరు తెరిచాను. ఏమన్నానో తెలుసా?

"అవ్ అక్కా, వాళ్లు గంతే."

ఆ తర్వాత ఆమె మళ్లీ ఆడలేదు. శీనన్న ఎదురుపడితే మొహం తిప్పుకుంటుంది, ఎందుకో అతనికి తెలియదు. నన్ను చూస్తే మాత్రం షాపులోకి పిలిచి చాయ్ తెప్పిస్తుంది. కూర్చుని తాగుతాను.

ఆమెకు చెప్పే ధైర్యం నాకు లేదు, ఇక రాదు కూడా. మీకు చెబుతున్నాను. స్వరూపక్క నాకంటే బాగా ఆడేది. ఇన్నేళ్లలో ఈ మాట ఎవరితోనూ అనలేదు. క్షమించమని అడగను. కాస్త ఊపిరాడుతోంది, అంతే.