అమ్మ ఒంట్లో దొరకనిది

మోకాళ్ల నొప్పికి ఊళ్లో ఆరెంపీ డాక్టరు ఇచ్చే తెల్ల గోలీని మా అమ్మ ఏళ్ల తరబడి మింగింది. మింగిన పూట పత్తిచేనంతా తిరుగుతుంది, మింగని పూట మంచం దిగదు. అది స్టెరాయిడ్ అని జనగామ డాక్టరు చెప్పేదాకా మాకు తెలియదు. భయం, ఒత్తిడి కలిగితే తట్టుకోవడానికి ఒంట్లో కార్టిసాల్ అనే హార్మోన్ పుడుతుందట. గోలీల వల్ల అది ఆగిపోయిందేమో చూడాలన్నాడు. ఆగిపోతే మామూలు జ్వరం కూడా ప్రాణం మీదికి తెస్తుందన్నాడు.

చూడడమంటే అంత సులువా? ముందు ఉమ్మి పరీక్ష. పొద్దున లేవగానే, పళ్లు తోమకముందే గొట్టంలో ఉమ్మమన్నారు. అమ్మ ఎప్పటిలాగే వేపపుల్లతో తోముకుని, చిగుళ్ల నెత్తురు కలిసిన ఉమ్మి పట్టి ఇచ్చింది. ల్యాబువాళ్లు పనికిరాదన్నారు.

"నోరు కడుక్కోకుండ పరాయోళ్లకు ఉమ్మి ఎట్లిస్తరు బిడ్డా?" అని నన్నే తప్పుపట్టింది.

సరే, రక్తమే తీయిద్దామన్నారు. ఆ పొద్దున గోలీ వేసుకోకుండా ఎనిమిదింటికల్లా రావాలి. పాలకుర్తి దాకా ఆటో, అక్కణ్ణుంచి బస్సు. తీరా సూది గుచ్చబోతూ ల్యాబులో అమ్మాయి గోలీ సంగతి అడిగింది.

"ఏసుకున్న. ఏసుకోకుంటె బస్సెట్ల ఎక్కుత?" అంది అమ్మ.

మానుకోటలో ఉద్యోగానికి సెలవు పెట్టి వచ్చిన నాకు ఒళ్లు మండిపోయింది. చిలక్కి చెప్పినట్టు చెప్పాను కదా అని బస్టాండులో అందరి ముందూ కసిరాను. పరీక్షకు పోవాలంటే గోలీ కావాలి, గోలీ వేస్తే పరీక్ష చెడుతుంది. పిచ్చి కుదిరితే గాని పెళ్లి కుదరదు, పెళ్లి కుదిరితే గాని పిచ్చి కుదరదు అన్నట్టుంది మా వ్యవహారం.

మూడోసారి ముందురోజే తీసుకొచ్చి జనగామలో చుట్టాలింట్లో ఉంచాను. గోలీలు నా సంచిలో దాచాను. తెల్లారితే అమ్మ లేవదు.

"లేమ్మా, ఎనిమిది దాటిపోతాంది" అని నేను అరుస్తున్నాను.

"కోపం జేయకు బిడ్డా. కాళ్లు నాయి గానట్టున్నయి."

చుట్టాలామె, నేను చెరో రెక్కా పట్టుకుని ఆటో ఎక్కించాం. రక్తం తీయించి వెంటనే గోలీ వేశాం.

మర్నాడు రిపోర్టు వచ్చింది. హార్మోన్ దాదాపు లేదు. గోలీ ఒక్కసారిగా మానొద్దు, నెలల తరబడి మెల్లగా తగ్గించాలి అన్నాడు డాక్టరు. ఆ గోలీ అంటగట్టినవాణ్ణి మనసులోనే నోటికొచ్చినట్టు తిట్టుకుంటూ కూర్చున్నాను.

అమ్మ డాక్టరునే చూస్తూ అడిగింది. "భయమైతె పుట్టేదంటిరి గద సారు. అది నా ఒంట్ల లేనే లేకపాయె. మరి నాకు గింత భయమెందుకైతాంది?"

అమ్మకు భయమేస్తోందని నాకు అప్పటిదాకా తెలియనే తెలియదు.