బుడుబుంగలూ ఎర్ర చీరా

పోలీసు చర్య తరువాత మిలిటరీ ఊరూరా ఎర్రజెండా సంఘంవాళ్లను, అంటే కమ్యూనిస్టులను, వెతుకుతున్న రోజులవి. కేతేపల్లి చెరువులో పిల్లల్ని వీపున మోసే బుడుబుంగ నీటిపక్షుల జంటను, అడిగి తెచ్చుకున్న కెమెరాతో ఫొటో తీయాలని నేను పంతం పట్టాను. మాది నేతపని ఇల్లు. నేను దాక్కోవడానికి ఒడ్డున జమ్ముగడ్డిలో ఇంట్లో నేసిన ఎర్ర చీరను తెరలా కట్టాను.

బాపు ఉరుక్కుంటూ వచ్చాడు. “ఎర్రగుడ్డ చూస్తే సంఘపోడనుకొని కాలుస్తరు. తియ్యి!”

“తీస్తే పక్షులు బెదురుతయి బాపూ. నేను తియ్య.”

తిట్టుకుంటూ వెళ్లిన బాపు, అమ్మను వెంటబెట్టుకొని మగ్గానికెక్కించాల్సిన ఎర్ర నూలు పడుగు తెచ్చాడు. దాన్ని చెరువుకట్ట పొడవునా సాగదీసి ఇద్దరూ గంజి పట్టించసాగారు. సిపాయిలు వచ్చారు. బాపు నాకు వీపు పెట్టి, వాళ్లకు అడ్డంగా నిలబడి గంజి పట్టిస్తూనే ఉన్నాడు. వాళ్లు నా చీరనూ నేతగుడ్డే అనుకొని దాటిపోయారు.

ఫొటోలో తల్లిపక్షి వీపు మీద పిల్లలున్నాయి. చూసినప్పుడల్లా నాకు మాత్రం సిపాయిలకు అడ్డంగా నిలబడ్డ బాపు వీపే కనబడుతుంది.